సేవ కోసం సీమలు దాటి

సేవ చేయడానికి దేశాలు దాటి వెళ్లడం కొత్త విషయమేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం 1920లో స్విట్జర్లాండ్ దేశీయుడైన పియేర్ సెరెసోల్ కొద్దిమంది సహచరులతో ఫ్రాన్స్‌లోని వెర్డన్ సమీపానికి చేరుకొని, శిథిలమైన ఒక గ్రామంలో శ్రమదానం ఆరంభించాడు. నిన్నటి వరకు శత్రువులుగా పోరాడిన జాతుల వారు ఒకేచోట పార పట్టి పనిచేయాలన్నది ఆయన సంకల్పం. 1934లో బీహారును భూకంపం కుదిపివేసినప్పుడు ఆయన మన దేశానికీ వచ్చి గ్రామాల పునర్నిర్మాణంలో పాలుపంచుకొన్నాడు.

కాలక్రమాన ఈ ఆదర్శం చుట్టూ పెద్ద వ్యాపారం అల్లుకొన్నది. సేవ చేయగోరే యువతీయువకుల నుండి మధ్యవర్తులు భారీ రుసుములు వసూలు చేస్తారు. అందులో పని జరిగే చోటికి చేరేది ఎంతో చాలామందికి తెలియదు. ఇది గిట్టని వారు దళారీని వదలి, నిర్వాహకులతోనే నేరుగా సంప్రదించి, భోజన వసతుల ఖర్చు మాత్రం భరించి వెళ్తున్నారు. 1971లో ఇంగ్లండులో మొదలైన ‘వూఫ్’ ఉద్యమంలోనైతే సేంద్రియ క్షేత్రంలో రోజుకు కొన్ని గంటలు పనిచేసిన వారికి రైతే అన్నం పెట్టి నీడ కల్పిస్తాడు. సామాన్య కుటుంబాల పిల్లలకు ఇటువంటి మార్గం ఉండటం హర్షణీయం. విమాన ఛార్జీని మాత్రం ఏ ఆదర్శమూ తగ్గించలేదనుకోండి!

అయితే దళారీ తొలగినంత మాత్రాన సేవ పవిత్రమైపోదు. మంచిచెడ్డలు విచారించే బాధ్యత ఇక పూర్తిగా వెళ్లే వ్యక్తిపైనే పడుతుంది. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పని ఉన్నందున సేవకులు వస్తున్నారా, లేక సేవకులు వస్తున్నందున పనిని పుట్టిస్తున్నారా?

దక్షిణాఫ్రికాలోని కొన్ని సింహాల పెంపక కేంద్రాల చరిత్ర ఈ ప్రశ్నకు చేదు సమాధానం. అక్కడ పసికూనలను పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుండి వేరుచేసేవారు. తల్లి త్వరగా మళ్లీ ఈనుతుందన్నది అందులోని లాభం. ‘ఇవి తల్లిలేని కూనలు, పెద్దయ్యాక అడవిలో వదలుతాం’ అని నమ్మబలికితే, విదేశీ యువత డబ్బు చెల్లించి మరీ పాలసీసాలు పట్టేది. మనుషుల చేతుల్లో పెరిగి వారంటే బెదురు పోయిన సింహం అడవిలో బతకలేదు. అలా పెరిగిన వాటిలో అనేకం కంచె లోపలే వేటగాళ్ల తుపాకులకు బలి అయ్యాయి; వాటి ఎముకలు ఆసియా దేశాలకు ఎగుమతి అయ్యాయి. 2015లో వచ్చిన ‘బ్లడ్ లయన్స్’ అనే డాక్యుమెంటరీ చిత్రం ఈ గుట్టు రట్టు చేసింది. ఈ వ్యాపారానికి స్వస్తి చెప్పాలన్న నిర్ణయాన్ని 2021లో ఆ దేశ ప్రభుత్వం ప్రకటించింది. కూనకు పాలు పట్టిన అమ్మాయి మనసులో కల్మషం లేదు. కాని ఆమె చెల్లించిన సొమ్మే తరువాతి కూనను తల్లి నుండి లాగివేసింది.

కంబోడియా అనాథాశ్రమాల కథ కూడా ఇటువంటిదే. అక్కడి పిల్లలలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో జీవించే ఉన్నారని 2011లో వెలువడిన అధ్యయనం తెలిపింది. నెలకొకరు వచ్చి ముద్దుచేసి వెళ్లిపోతుంటే ఆ పసి మనసులకు మిగిలేది ఎడబాటే.

దీనికి భిన్నమైన పని కోస్టారికా దేశపు కరీబియన్ తీరాన టోర్టుగెరోలో కనిపిస్తుంది. ఆర్చీ కార్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త 1950లలో ఆరంభించిన పచ్చ తాబేళ్ల పరిశీలన అక్కడ నేటికీ కొనసాగుతున్నది. అందులో పాల్గొనేవారు రాత్రివేళ ఇసుకలో మైళ్ల కొద్దీ నడుస్తారు. తెల్లని వెలుగు తాబేలును బెదరగొడుతుంది గనుక ఎర్రని దీపమే వాడాలి. గుడ్లు లెక్కించాలి, వీపుచిప్ప కొలవాలి, ముందరి తెడ్డుకాలికి లోహపు బిళ్ల తొడగాలి, అన్నీ పుస్తకంలో రాయాలి. వాన, దోమలు, నిద్రలేమి సరేసరి. ముద్దుచేయడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇటువంటి ఓర్పు అలవరచుకోవడానికి విదేశమే అక్కరలేదు. ఏటా శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆంధ్ర తీరానికి వస్తాయి. విశాఖ సముద్రతీరంలో అటవీశాఖ వాటి గుడ్లను సేకరించి సంరక్షించింది. ఇక్కడ కొన్ని రాత్రులు గడిపిన విద్యార్థి కోస్టారికా చేరితే, అక్కడివారికి భారం కాక ఆసరా అవుతాడు. ఏ వీసాపై వెళ్తే సేవకు అనుమతి ఉంటుందో కూడా ముందే కనుక్కోవాలి. జీతం లేకపోయినా అది ఉద్యోగమేనని భావించే దేశాలున్నాయి.

టోర్టుగెరోలో గుడ్లు పిల్లలు కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కొద్ది వారాల కోసం వెళ్లిన సేవకురాలు, తాను లెక్కించిన గుడ్ల నుండి పిల్లలు వెలువడటం చూడకుండానే తిరుగు ప్రయాణమవుతుంది. ఆ గూటి సంఖ్య, తేదీ ఆమె చేతిరాతలో మిగులుతాయి. పిల్లలు సముద్రం వైపు కదిలిన తరువాత ఆ పుస్తకాన్ని మరొకరు తెరుస్తారు.