ఫోను మోసములు - రైతు ఫిర్యాదు

పశువు తప్పిపోయిన రైతు ఊరంతకు చెప్పి వెదకించును. ఫోనులో మోసపోయి సొమ్ము పోగొట్టుకొన్న రైతు మాత్రము ఇంటివారికి సయితము చెప్పక లోలోన కుములుచుండును. గ్రామములకు పోయినప్పుడు ఇట్టివారిని మేము తఱచు చూచుచున్నాము. నలుగురును నవ్వుదురేమో యని వారి భయము. ఈ సిగ్గు దొంగకు మిక్కిలి లాభకరముగా నున్నది. మోసపోయినవాడు చట్టము దృష్టిలో ఫిర్యాదియే గాని ముద్దాయి కాడు.

ఇట్టి నేరములకై పార్లమెంటు 2000 సంవత్సరమున సమాచార సాంకేతిక చట్టమును చేసి, 2008లో సవరించినది. కంప్యూటరు అను మాట విని యిది పట్టణవాసుల చట్టమని తలపరాదు. మన చేతిలోని ఫోనుకును ఇది వర్తించును. కిసాన్ సమ్మాన్ నిధి క్రింద ఏటికి మూడు వాయిదాలలో వచ్చు 6,000 రూపాయలు నిలిచిపోయినవనియు, తాము పంపిన ఫైలును ఫోనులో ఎక్కించుకొన్నచో మరల వచ్చుననియు వాట్సాపులో నొక వార్త వచ్చును. నమ్మి యెక్కించుకొన్నచో, బ్యాంకు పంపు ఓ.టి.పి. అంకెలను ఆ ఫైలు దొంగకు చేరవేయును. ఇందు అధికారి వేషము వేసి మోసగించుట 66డి సెక్షను క్రింద నేరము. పరుల రహస్యపు అంకెలను వాడుకొనుట 66సి క్రిందను, అనుమతి లేక దురుద్దేశముతో ఫోనులో జొరబడుట 66 క్రిందను వచ్చును. ఒక్కొక్కదానికి మూడేండ్ల వరకు ఖైదు గలదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను ప్రకారము, మోసముచే సొమ్ము లాగుకొన్నవానికి ఏడేండ్ల వరకును పడవచ్చును. స్త్రీల రహస్య చిత్రములను తీసి పంపువారికి వేఱు సెక్షనులు గలవు. వాట్సాపులో తిట్టుకొన్నవారు పరస్పరము బెదరించుకొను 66ఎ మాత్రము ఇప్పుడు లేదు. 2015లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది.

మమ్ము ఎక్కువగా కలవరపెట్టునది వేలిముద్ర. ఓ.టి.పి. చెప్పకుండ దాచుకొనవచ్చును, వేలిముద్రను రైతు ప్రతి దస్తావేజు మీదను వేయుచునే యున్నాడు. 2018లో తెలంగాణములో రిజిస్ట్రేషను దస్తావేజులలోని ముద్రలకు రబ్బరు నకళ్లు చేసి, పరుల పేర సిమ్ కార్డులు తీసిన సంగతి బయటపడినది. ఆధార్ ముద్రతో ఖాతానుండి సొమ్ము తీయు పద్ధతి యున్నంతవరకు ఈ భయము తప్పదు. ముద్రను ఆధార్ సంస్థ యాప్‌లో బిగించి యుంచుకొను సదుపాయము కలదు గాని, బియ్యమునకు పోవునప్పుడెల్ల దానిని విప్పుకొనవలెను. ముసలివారు ఇది చేయగలరని మేము నమ్మజాలము.

దొంగకు శిక్ష పడుట వేఱు, సొమ్ము తిరిగి వచ్చుట వేఱు. పోయిన సొమ్ము గడియలో నాలుగు ఖాతాలు దాటును. కావున తెలిసిన తక్షణమే 1930 నంబరునకు ఫోను చేసి, వెంటనే బ్యాంకునకు తెలుపవలెను. రిజర్వు బ్యాంకు 2017లో సహకార బ్యాంకులకును ఉత్తరువులిచ్చినది. తప్పు బ్యాంకుది గాని ఖాతాదారునిది గాని కానప్పుడు, మూడు పనిదినములలో తెలిపినచో నష్టము రైతుపై పడదు. ఓ.టి.పి. తానే చెప్పినచో, బ్యాంకునకు తెలుపువరకు కలిగిన నష్టము రైతుది, తరువాతిది బ్యాంకుది. ఆలస్యమునకు ఖరీదు ఇంత స్పష్టముగా నున్నది. ఠాణాలో “ఇది మా పరిధి కాదు, పట్టణమునకు పొమ్ము” అనినచో ఒప్పుకొనరాదు. నేరమెక్కడ జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచారము తీసికొనవలెనని నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెప్పుచున్నది.

మఱియొక మాట చెప్పుట కష్టమే. కొందఱు పడుచువాండ్రు కమీషను కొఱకు తమ బ్యాంకు ఖాతాలను తెలియనివారికి అద్దెకిచ్చుచున్నారు. దొంగసొమ్ము పారుటకు అవే కాలువలు. తెలిసి తోడ్పడినవానికి 84బి సెక్షను క్రింద అసలు నేరమునకు గల శిక్షయే పడును. ఇది వారి తండ్రులకు తెలియదు.

విత్తనములకును ఎరువులకును రైతు ముందుగా మన సంఘమునకే వచ్చును; మోసపోయిననాడును ఇచ్చటికే రాగలుగవలెను. ప్రతి సంఘ కార్యాలయపు గోడమీద 1930 అని పెద్ద అంకెలతో వ్రాయించి, వచ్చిన సభ్యుని నవ్వక, మందలింపక, అతని యెదుటనే ఫోను చేసి ఫిర్యాదు వ్రాసియిచ్చు భారము కార్యదర్శి వహింపవలెనని మా అభిప్రాయము. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గములను కోరుచున్నాము.