గగనసీమలో బందీలు

1999 డిసెంబరు 24వ తేదీన ఖాట్మండు నుండి ఢిల్లీకి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని ఐదుగురు సాయుధులు హస్తగతం చేసుకొన్నారు. ఇంధనం చాలక అది అమృతసర్‌లో దిగింది. సుమారు ముప్పావు గంట సేపు మన నేలమీదనే నిలిచి ఉన్నది. ఢిల్లీలో మంతనాలు సాగుతుండగానే, ఇంధనం నింపుకొనకుండానే మరల ఆకాశానికి ఎగిరింది. లాహోరు, దుబాయి మీదుగా కాందహారు చేరింది. ఈలోగా ఒక ప్రయాణికుడు దుండగుల చేతిలో హతుడయ్యాడు. ఎనిమిదవనాడు, డిసెంబరు 31న, చెరలో ఉన్న ముగ్గురు తీవ్రవాదులను విడిచి ప్రభుత్వం బందీలను విడిపించుకొన్నది. ఆ ముగ్గురిలో ఒకడైన మసూద్ అజహర్ మరుసటి సంవత్సరమే జైషే మహమ్మద్ సంస్థను స్థాపించాడు. 2019లో పుల్వామాలో నలభైమంది జవానులను బలిగొన్న దాడి తమదేనని ప్రకటించుకొన్నది ఆ సంస్థయే.

నాడు ప్రభుత్వం తలవంచిందని నిందించడం సులభం. ఆ విమానంలో మన తోబుట్టువులే ఉన్నట్లయితే మనమేమి కోరి ఉండేవారమో ఆలోచించాలి. నా దృష్టిలో అసలు పొరపాటు కాందహారులో జరుగలేదు, అమృతసర్‌లోనే జరిగింది. విమానం మన గడప దాటిన పిమ్మట మన చేతిలో మిగిలినది బేరమాడడమే.

1970 నాటి హేగ్ ఒడంబడిక ప్రకారం, విమానాన్ని అపహరించినవాడు ఏ దేశంలో చిక్కితే ఆ దేశం వానిని అప్పగించాలి, లేదా తానే విచారణకు పంపాలి. సూత్రం ఉత్తమమైనదే. కాని నాటి తాలిబన్ ప్రభుత్వాన్ని గుర్తించినవి మూడు దేశాలు మాత్రమే. దానితో మనకు దౌత్య సంబంధాలే లేవు. దుండగులు స్వేచ్ఛగా వెళ్ళిపోయారు. శిబి చక్రవర్తి కథ మనమెరిగినదే. ఆయన అభయమిచ్చినది ప్రాణభీతితో వచ్చిన పావురానికి గాని, తరుముకొని వచ్చిన డేగకు కాదు. డేగకు శరణిచ్చే రాజ్యాలు ఉన్నంతకాలం ఒడంబడికలు కాగితాలకే పరిమితమవుతాయి.

అయినను వైరి దేశాల మధ్య సహకారం అసాధ్యమని తలచరాదు. 1971లో 'గంగా' అనే మన విమానాన్ని లాహోరుకు మళ్ళించిన ఇద్దరు యువకులకు అక్కడ మొదట ఘనస్వాగతం లభించింది. విమానం దగ్ధమైంది. 1976లో మరొక భారతీయ విమానం అదే లాహోరులో దిగింది. ఈ పర్యాయం పాకిస్తాన్ అధికారులు దుండగులను బంధించి, ప్రయాణికులను క్షేమంగా పంపారు. దౌత్య సంబంధాలు లేని అమెరికా, క్యూబాలు సైతం 1973లో ఈ విషయంపై ఒప్పందానికి వచ్చాయి.

మన దేశంలో 1982 నాటి చట్టం స్థానంలో 2016లో కఠినమైన చట్టం చేశారు. బందీ గాని, భద్రతా సిబ్బంది గాని మరణిస్తే అపరాధికి మరణదండన విధించవచ్చు. చావుకు సిద్ధపడి వచ్చినవానికి దీనివలన భయం కలుగుతుందా అన్నది నాకు సందేహమే. అంతకంటె కలతపెట్టేది మరొకటి ఉన్నది. విమానాన్నే ఆయుధంగా ప్రయోగించబోయినప్పుడు దానిని కూల్చివేయవచ్చునని 2005లో మన ప్రభుత్వం విధానంగా అంగీకరించింది. ఇటువంటి అధికారమిచ్చిన జర్మనీ చట్టాన్ని 2006లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. విమానంలోని నిరపరాధుల ప్రాణాలను ఇతరుల ప్రాణాలతో తూచరాదన్నది ఆ తీర్పు సారాంశం. నేను అంతవరకు పోలేను. నేలమీద ఉన్న వేలమంది ప్రాణాలూ ప్రాణాలే. అయితే అట్టి ఆజ్ఞ ఎవరు, ఏ పరిస్థితిలో ఇవ్వవచ్చునో, అనంతరం ఎవరికి జవాబు చెప్పుకోవాలో చట్టంలోనే స్పష్టంగా లిఖించి ఉండాలి.