ముందు స్టెతస్కోపు, తరువాత స్టాప్‌వాచ్

పోలీసు కొలువుకు సిద్ధమవుతున్న బిడ్డ మీ ఇంట ఉన్నట్లయితే, లేదా మీరే ఆ అభ్యర్థి అయినట్లయితే, ఈ వ్యాసాన్ని చివరివరకు చదవవలసిందిగా కోరుతున్నాను.

మన రెండు రాష్ట్రాలలోనూ కానిస్టేబుల్ నియామక క్రమం దాదాపు ఒక్కటే. మొదట ప్రాథమిక రాతపరీక్ష, పిదప దేహదారుఢ్య పరీక్షలు, తుది రాతపరీక్ష, ధ్రువపత్రాల పరిశీలన. వైద్య పరీక్ష వచ్చేది ఇవన్నీ ముగిసి ఎంపిక ఖరారైన తరువాతనే. సాధారణ పురుష అభ్యర్థికి 167.6 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. పూర్తిగా గాలి పీల్చినప్పుడు ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండి, అందులో విస్తరణ కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి. ఆపై 1600 మీటర్ల పరుగు. దానికి ఆంధ్రప్రదేశ్‌లో 8 నిమిషాలు, తెలంగాణలో 2022 నాటి నోటిఫికేషన్ ప్రకారం 7 నిమిషాల 15 సెకన్లు గడువు. ఛాతీ చుట్టుకొలతను మిల్లీమీటర్లతో సహా నమోదు చేసే ఈ విధానం, ఆ ఛాతీలోపలి గుండె ఎలా ఉన్నదో తెలుసుకోకుండానే అభ్యర్థిని పరుగెత్తిస్తున్నది. నా అభ్యంతరం పరుగు మీద కాదు. పోలీసుకు దేహబలం అవసరమే. వైద్య పరీక్షను పరుగు తరువాతికి నెట్టిన ఈ వరుస మీదనే నా అభ్యంతరం.

ఈ వరుసకు చెల్లిస్తున్న మూల్యం చూడండి. 2024 ఆగస్టులో జార్ఖండ్ రాష్ట్రం ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాలకు గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టింది. కొద్ది రోజులలోనే కనీసం 12 మంది యువకులు మరణించారు. ఆ తరువాతనే ప్రభుత్వం పరీక్షలను కొన్నాళ్లు ఆపింది. 2025 జనవరిలో మచిలీపట్నంలో కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లు పరుగెత్తిన ఒక యువకుడు కుప్పకూలి ప్రాణం విడిచాడు. ఇటువంటి ప్రతి మరణానంతరం "ఆరోగ్యంగానే ఉండేవాడు" అన్న మాట వినబడుతుంది. ఆరోగ్యంగా కనబడడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు.

పాతికేళ్ల గుండె పరుగులో ఎందుకు ఆగిపోతుంది? పుట్టుకతో వచ్చే గుండె కండర మందం ఒక ముఖ్య కారణం. ఇది సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. అత్యధికులకు ఏ బాధా తెలియదు. తీవ్ర శ్రమలో గుండె లయ తప్పి, తొలి లక్షణమే మరణం కావచ్చును. గుండె విద్యుత్ ప్రసరణలోని జన్మలోపాలు, వైరల్ జ్వరం తరువాత గుండె కండరానికి వచ్చే వాపు, రక్తనాళాల అమరికలో తేడాలు మరికొన్ని కారణాలు. గుండెకు సంబంధం లేని ప్రమాదాలూ ఉన్నవి. ఎండలో, నీరు తక్కువై పరుగెత్తినప్పుడు దేహ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ అవయవాలను దెబ్బతీస్తుంది. ఆదిలాబాద్, విశాఖ మన్య ప్రాంతాల గిరిజన యువతలో సికిల్ సెల్ వాహకులు గణనీయంగా ఉన్నారు. సాధారణ జీవితంలో వారికి ఇబ్బంది ఉండదు గాని, అతి శ్రమ, దాహం కలిసినప్పుడు కండరాలు విచ్ఛిన్నమై మూత్రపిండాలు దెబ్బతినవచ్చును. ఇక దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నదని ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మహిళా అభ్యర్థులు ఈ సమాజం నుండే కదా వస్తున్నది!

"ఇంతమందికి ఈసీజీ సాధ్యమా?" అని అధికారులు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 జనవరి నాటి ప్రాథమిక పరీక్షలో ఉత్తీర్ణులైనవారు సుమారు 95 వేల మంది. వారి దేహదారుఢ్య పరీక్షలు మొదలైనది 2024 డిసెంబరు చివరన. దాదాపు రెండేళ్ల వ్యవధి! జిల్లా, ఏరియా ఆసుపత్రులన్నింటా ఈసీజీ యంత్రాలున్న రాష్ట్రానికి ఆ కాలం చాలలేదనగలమా?

"ఈసీజీ అన్నింటినీ పట్టుకోదు, కొందరిని అనవసరంగా భయపెడుతుంది" అన్నది రెండవ వాదం. ఇందులో నిజమున్నది. రక్తనాళాల తేడాలు ఈసీజీలో సాధారణంగా కనబడవు. ఇటలీ 1982 నుండి క్రీడాకారులకు ముందస్తు పరీక్షను తప్పనిసరి చేయగా, వెనెటో ప్రాంతంలో వారి ఆకస్మిక మరణాలు సుమారు 89 శాతం తగ్గాయి. ఇజ్రాయెల్‌లో జరిగిన అధ్యయనంలో అటువంటి మేలు కనబడలేదు. అయితే ఆ వివాదం శిక్షకుల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి ఆడేవారిని గురించినది. మన అభ్యర్థులలో ఎందరో పొలం పనో, కూలి పనో చేసుకుంటూ, ఏ వైద్యుని ముందూ చొక్కా విప్పకుండానే మైదానానికి వస్తున్నారు. పైగా కండర మందం ఉన్నవారిలో అత్యధికుల ఈసీజీలో మార్పు కనిపిస్తుంది. అనుమానం కలిగిన కొద్దిమందికి ఎకో తీస్తే సరిపోతుంది.

కనుక నియామక మండళ్లు చేయవలసినవి నాలుగు. పరుగుకు ముందే రక్తపోటు, హిమోగ్లోబిన్, గుండె శబ్దాల పరీక్ష, ఈసీజీ జరపాలి. జ్వరం వచ్చిందని చెప్పిన అభ్యర్థిని తొలగించక మరొక తేదీ ఇవ్వాలి. ఆ హామీ లేనిదే ఎవరూ నిజం చెప్పరు. సికిల్ సెల్ వాహకత్వాన్ని అనర్హతగా చూడక, నీరు, విశ్రాంతి కల్పించాలి. ప్రతి మైదానంలో గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం, దానిని వాడగలవారు ఉండాలి. షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం 7 నుండి 10 శాతం తగ్గుతుంది. 2021లో కోపెన్‌హాగన్ మైదానంలో గుండె ఆగిన డెన్మార్క్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఎరిక్సన్ నేటికీ జీవించి ఉండడానికి కారణం, క్షణాలలో అందిన ఈ చికిత్సయే.

ఇవి అమలయ్యేదాకా మీ జాగ్రత్త మీదే. శ్రమలో స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, కారణం లేని గుండెదడ, తోటివారికి లేని ఆయాసం ఉన్నా, రక్తసంబంధీకులలో 50 ఏళ్లలోపు ఆకస్మిక మరణం సంభవించినా, వైద్యుని చూడకుండా సాధన కొనసాగించకండి. జ్వరం తగ్గిన వెంటనే పరుగెత్తకండి. పరుగు ఉదయాన నొప్పి మాత్రలు, ఎనర్జీ డ్రింకులు వద్దు. నిద్ర, నీరు మానవద్దు.

పలు నియామకాలలో అభ్యర్థి చేత "ఏమి జరిగినా బాధ్యత నాదే" అన్న పత్రంపై సంతకం తీసుకుంటారు. రేపు ప్రజల ప్రాణాలకు కాపలా ఉండవలసినవాని ప్రాణానికి ఆ ఒక్క కాగితమే కాపలా కావడం ఏ ప్రభుత్వానికీ గౌరవం కాదు. ఈ మాట మీ శాసనసభ్యుని చెవిన వేయండి. తదుపరి నోటిఫికేషన్ వెలువడకముందే వేయండి.