కాళ్లతో చూసేవి ముందు

“రిటైరయ్యాక తీరిగ్గా వెళ్దాంలే.” మన మధ్యతరగతి ఇళ్లలో ఈ మాట ముప్ఫై ఏళ్ల పాటు వినిపిస్తూనే ఉంటుంది. పిల్లల పదో తరగతి అప్పుడు ఒకసారి, ఇంటి లోను తీసుకున్నప్పుడు ఒకసారి, అమ్మాయి పెళ్లి కుదిరినప్పుడు మరోసారి. కాశీ, కేదారం, కాశ్మీరం, కన్యాకుమారి అన్నీ ఆ మాట దగ్గరే ఆగిపోతాయి. చూడని ఊళ్ల గురించి కలలు కనడం మంచిదే. ఫైళ్ల మధ్య రోజంతా గడిపే మనిషికి ఆ కల ఊపిరి పోస్తుంది. అది నిజం కావాలంటే మాత్రం వరస మార్చాలి. కాళ్లతో చూడాల్సినవి ఉద్యోగంలో ఉండగానే చూసి రావాలి. కళ్లతో చూస్తే చాలినవి విరమణకు మిగుల్చుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. జీతం మరికొన్నేళ్లు వస్తుంది, సంతోషం. మోకాళ్లకు మాత్రం ఆ గడువు ఎవరూ పొడిగించలేరు. గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కు సుమారు 16 కిలోమీటర్ల ఎక్కుడు. గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున. డోలీలో వెళ్లినా, హెలికాప్టర్‌లో దిగినా అక్కడి పలచటి గాలే పీల్చాలి. అంత దూరం ఎందుకు, మన అహోబిలంలో జ్వాలా నరసింహుడి దర్శనానికే రాళ్లూ వాగులూ దాటి నడవాలి. అజంతా గుహలన్నీ చూడాలన్నా మెట్లు తప్పవు. ఇవన్నీ యాభైల్లో ముగించాల్సిన యాత్రలు. పైగా ఎల్టీసీ సదుపాయం ఉండేది ఉద్యోగంలో ఉన్నన్నాళ్లే. అరకు రైలు, పాపికొండల మధ్య లాంచీ, కోనసీమ కాలువ గట్లు ఎక్కడికీ పోవు. డెబ్భై ఏళ్లకూ అందుతాయి.

ఈ విషయంలో మనకు దారి చూపినవారు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేస్తూనే, యాభయ్యో ఏట, 1830 మేలో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరారు. రైళ్లు లేని కాలం. తిరిగి మద్రాసు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. దారిలో చూసిన ఊళ్లు, నదులు, ధరలు, ఆచారాలు అన్నీ రాసి పెట్టారు. మన ‘కాశీయాత్ర చరిత్ర’ అదే. 1836లో ఆయన కన్నుమూశారు. తీరిక దొరికేదాకా ఆగి ఉంటే ఆ యాత్రా లేదు, తెలుగువారికి ఆ పుస్తకమూ లేదు.

విరమణ తర్వాత తీరిక దొరుకుతుందన్న నమ్మకమూ అన్ని ఇళ్లలో నిలవడం లేదు. అమెరికాలో కూతురికి పురుడు, తర్వాత కోడలికి పురుడు. ఆరు నెలలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి వస్తారు. మనవణ్ణి ఎత్తుకున్న ఆనందం నిజమే, కాదనను. కానీ పిల్లలకు నాదొక విన్నపం: అమ్మానాన్నలు వచ్చిన ఆ ఆరు నెలల్లో రెండు వారాలు వాళ్లకోసమే కేటాయించండి. గ్రాండ్ కాన్యన్ చూడాలన్న ఆశ వాళ్లకూ ఉండొచ్చు. అడగడానికి మొహమాటపడతారు, మీరే అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంటావిడ మాట. ఆయన ఉద్యోగానికి విరమణ తేదీ ఉంటుంది, ఆవిడ వంటింటికి ఉండదు. ఆయన ఇంట్లో ఉండడం మొదలుపెట్టాక మధ్యాహ్నం వంటా, మూడు గంటల కాఫీ అదనంగా చేరతాయి. ఇల్లు దాటి వెళ్లిన పది రోజులే ఆవిడకు దొరికే సెలవు. అందుకే ఎక్కడికి వెళ్లాలన్నది ముందు ఆవిడ చెప్పాలి. బంధువుల ఇళ్లలో దిగి అక్కడా ఆవిడ కూరగాయలు తరిగే ప్రయాణం ఆ లెక్కలోకి రాదు.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. రైళ్లలో 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన స్త్రీలకు 50 శాతం చార్జీ రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా వేళ దాన్ని ఆపేశారు. అందరి టికెట్లలోనూ ఇప్పటికే రాయితీ ఉందని రైల్వే శాఖ అంటోంది. నెల పింఛనుతో బతికే దంపతులకు ఆ జవాబు సరిపోదు. కనీసం స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ ఆ రాయితీని పునరుద్ధరించాలి.

అంతవరకూ మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. ఈ ఆదివారం దంపతులిద్దరూ కూర్చుని చూడాలనుకున్న చోట్లన్నీ ఒక కాగితం మీద రాయండి. కాళ్లకు పని చెప్పేవాటిని పైకి తెచ్చి, మొదటిదాని పక్కన తేదీ వేయండి. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు మొదలవుతుంది. సెలవు అర్జీ మర్నాడే పెట్టండి.