ఫ్రిజ్‌లో అంకెలు డిగ్రీలు కావు బాబూ!

ఆఫీసులో సర్వర్ కాస్త వేడెక్కితే అర్ధరాత్రైనా అలర్ట్ రావాల్సిందే. ఇంట్లో పిల్లాడు తాగే పాలు ఎంత చల్లగా ఉన్నాయో మాత్రం గిన్నె ముట్టుకుని తేల్చేస్తాం. ఇదేం ఇంజనీరింగండీ?

మామూలు ఫ్రిజ్‌లో ఆ గుండ్రటి నాబ్ మీదుండే అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. "కూరగాయలు గడ్డకడుతున్నాయని 3 నుంచి 5కి పెంచా" అన్న టీమ్ లీడ్‌ని నేనెరుగుదును (పేరు చెప్పను, అప్రైజల్ ఉంది). పెద్దంకె పెడితే త్వరగా చల్లబడుతుందని ఇంకో భ్రమ. అది కంప్రెసర్ ఎప్పుడు ఆగాలో చెబుతుందంతే, ఎంత జోరుగా తిరగాలో కాదు.

నేనేమన్నా తక్కువ తిన్నానా? మొన్న వేసవిలో పాలు విరిగిన ప్రతిసారీ పాలవాణ్ణే తిట్టాను. చివరికి థర్మామీటర్ కొని తలుపు అరలో పెడితే 11 డిగ్రీలు! 5 దాటకూడదు. తలుపు సందులో పదిరూపాయల నోటు పెట్టి మూసి లాగితే సుబ్బరంగా జారొచ్చింది. రబ్బరు పోయిందన్నమాట. అది మార్పించి, పాలు లోపలి అరలోకి జరిపాక 4కి దిగింది.

"మాది ఫైవ్ స్టార్ ఫ్రిజ్" అంటారా? ఆ స్టార్లు కరెంటు పొదుపుకి సార్, మీ పాలకి కాదు.