ఒమాను: ఇసుకకు ఆవల

గల్ఫు దేశాల నుండి తిరిగి వచ్చిన మనవారిని ‘అక్కడ ఏమేమి చూచారు?’ అని అడిగితే సాధారణంగా లభించే జవాబు ఒకటే: ‘ఏమున్నది, ఇసుక, ఎండ, పని.’ కడప, కరీంనగర్ ప్రాంతాల వలస కుటుంబాలలో ఈ మాట విననివారు అరుదు. తక్కిన దేశాల సంగతి అటుంచి, ఒమాను విషయంలో మాత్రం ఈ జవాబు సత్యదూరమని నా అభిప్రాయం. మన కళాశాలలో చదివి రేపు మస్కట్ చేరబోయే విద్యార్థినీ విద్యార్థులు దీనినే వారసత్వంగా వెంట తీసుకొనిపోరాదు.

ప్రాచీన మెసొపొటేమియా ఫలకాలలో రాగికి ప్రసిద్ధి చెందిన ‘మగన్’ దేశం ఒమాను ప్రాంతమేనని పండితుల నిర్ణయం. తూర్పు కొసన రాస్ అల్ జింజ్ తీరంలో జరిపిన త్రవ్వకాలలో సింధు లిపి గల కుండ పెంకు లభించింది. అనగా నాలుగు వేల సంవత్సరాల క్రిందటనే మన ఉపఖండపు సరకు ఆ రేవుకు చేరిందన్నమాట! ఆ తీరానికే నేటికీ పచ్చ తాబేళ్ళు రాత్రివేళ గ్రుడ్లు పెట్టడానికి వస్తాయి. మార్గదర్శి వెంట వెళ్ళి వాటిని చూడవచ్చు.

దక్షిణాన ధోఫార్ సీమ పరిమళాలకు పుట్టినిల్లు. అచ్చటి చెట్ల బెరడును గీరితే స్రవించే బంకను అరబ్బులు ‘లుబాన్’ అంటారు; మన ‘లోబాను’ ఆ మాట నుండి పుట్టినదే. దానిని ఎగుమతి చేసిన సుమ్‌హురమ్ రేవు శిథిలాలలో భారతీయ స్త్రీమూర్తి కంచు ప్రతిమ ఒకటి దొరికింది. సమీపంలోని సలాలాలో జూన్ నుండి సెప్టెంబరు వరకు కొండలు పచ్చబడతాయి. మనకు వర్షాలనిచ్చే నైరుతి ఋతుపవనమే అక్కడ తుంపరగా కురుస్తుంది.

అన్నిటికంటె నన్ను ఆకర్షించే విషయం ఫలజ్ అనే నీటి కాలువ. కొండ పాదాన లోతైన బావి త్రవ్వి, అందులోని ఊటను భూగర్భ సొరంగం ద్వారా, కేవలం వాలు ఆధారంగా, మైళ్ళ దూరంలోని ఖర్జూర వనాలకు చేరుస్తారు. ఇట్టివి సుమారు మూడు వేలు నేటికీ పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి రైతుల వంతులు నిర్ణయించేవారు. మన చెరువుల క్రింద నీరటి చేసిన పని ఇటువంటిదే. ఫలజ్ పెత్తందారును అక్కడ ‘వకీల్’ అంటారు. మన వకీళ్ళు తగవులు వచ్చిన పిదప కనబడతారు, ఆ వకీలు తగవు రాకుండా చూస్తాడు!

ఈ కాలువలలో పెద్దదైన దారిస్ నిజ్వాలో ఉన్నది. మస్కట్ నుండి దాదాపు 150 కిలోమీటర్లు. పదిహేడవ శతాబ్దపు కోట, దాని విశాలమైన గుండ్రటి బురుజు, శుక్రవారం ఉదయం జరిగే మేకల సంత ఒక్క సెలవు దినంలో చూడదగినవి. సూర్ రేవులో కొయ్య ఓడల కర్మాగారం ఉన్నది. ఆ పట్టణంలోనే మలబారు కలపతో, ఇనుప మేకు వాడకుండా, కొబ్బరి పీచు త్రాళ్ళతో కుట్టిన ‘సోహార్’ ఓడ 1980–81లో చైనా వరకు పోయింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు: పొట్టకూటికి పోయినవానికి కోటలెందుకు? ఇది తేలికగా కొట్టివేయదగినది కాదు. ఎండలో ఇటుకలు మోసి, అప్పు తీర్చడానికి పైస పైస కూడబెట్టేవాడు చూడలేదని నిందించడం అన్యాయం. ఇంటిపనికి పోయిన స్త్రీకి గడప దాటే వీలే దొరకని సందర్భాలున్నాయి. నా ఫిర్యాదు వారిపై కాదు. పట్టా పుచ్చుకొని, వారానికి రెండు రోజుల సెలవు, చేతిలో వాహనం ఉండి కూడ అంగడి నుండి గదికి, గది నుండి అంగడికి తిరిగే విద్యావంతులపైననే. తానున్న దేశాన్ని జీతపు చీటీగా మాత్రమే చూచేవాడు, ఆ దేశం తనను కూలీగా మాత్రమే చూస్తున్నదని ఏ ముఖంతో వాపోగలడు?

కళాశాల కమిటీవారికి ఒక మనవి. గ్రంథాలయం గోడపై ఒమాను పటం ఒకటి తగిలించండి. అక్కడ పనిచేసి వచ్చిన పూర్వ విద్యార్థులను ఏటా ఒకసారి ఆహ్వానించండి. జీతమెంత అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. దానికి ముందు ఎవరైనా లేచి ఫలజ్ గురించి అడగాలి.