బిడ్డల దంతరక్షణము

ఏడెనిమిదేండ్ల బిడ్డ చెంప వాచి, రాత్రియంతయు నిద్రలేక యేడ్చుచుండగా, ఇంటిలోని పెద్దలు "పాలపన్నే గదా, నేడో రేపో ఊడిపోవును" అని లవంగనూనెలో ముంచిన దూది పెట్టి ఊరడించుట మన యిండ్లలో తఱచుగ చూచుచున్న విషయమే. ఆ మాటలో ప్రేమ కలదు గాని, అనేక పర్యాయములు సత్యము లేదు. బాధించుచున్న పన్ను పాలపన్ను కాకపోవచ్చును. అది ఆఱవయేట మొలచి, బిడ్డకు ముదిమి వచ్చువఱకు ఆహారము నమలిపెట్టవలసిన స్థిరదంతము కావచ్చును. అది పోయినచో దాని చోట మఱియొకటి మొలవదు. ఈ చిన్న సంగతి తెలియకపోవుటచే ఎన్ని లేతనోళ్లు జీవితాంతము చెడుచున్నవో తలంచినపుడు మాకు విచారము కలుగుచున్నది.

పాలపండ్లు ఇరువది. వానిలో నొకటి కదలినను ఇల్లంతయు ఎఱుగును. ఊడిన పన్నును బిడ్డ ఇంటికప్పుపై విసరి సంతోషించును. కాని మొదటి స్థిరపు దవడపండ్లు నాలుగును ఇట్లు చాటింపుతో రావు. ఏ పన్నును ఊడనీయక, పాలపండ్ల వరుసకు వెనుక, ఆఱేండ్ల ప్రాయమున, ఎవరికిని తెలియకుండ మొలచును. రెండవ నాలుగును పండ్రెండేండ్ల ప్రాంతమున వచ్చును. ముందుపండ్లు అందఱి కంటను బడును గావున వానిపై తల్లిదండ్రులకు శ్రద్ధ యెక్కువ. కూడు నమలిపెట్టు దవడపండ్లను మాత్రము నొప్పి పుట్టువఱకు పలుకరించువారు లేరు.

ఈ పండ్లు చెడుటకు వాని నిర్మాణమే కొంత కారణము. నమలెడు తలము నున్నగ నుండదు. దున్నిన చేనివలె చాళ్లును గుంటలును గలిగియుండును. వానిలో కొన్ని చాళ్లు బ్రష్షు కుచ్చులోని యొక్క వెండ్రుకైనను చొరజాలనంత సన్ననివి. బిస్కత్తుల పిండియు, మిఠాయిల చక్కెరయు అందు చేరును. నోటిలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని ఆమ్లముగ మార్చును. ఆ యామ్లము పన్నుపైనుండు పింగాణివంటి పొరను కొంచెము కొంచెముగ కరగించును. క్రొత్తగ మొలచిన పంటికి ఆ పొర ఇంకను పూర్తిగ గట్టిపడి యుండదు. కావున రెండుపూటలును శ్రద్ధతో పండ్లు తోమించు తల్లి బిడ్డకు సైతము దవడపన్ను పుచ్చుట కలదు. ఇందు తల్లి దోషము లేదు. కుచ్చు చేరని చోట పురుగు చేరినది.

చెఱువుగట్టునకు బీట పడినపుడు తెలిసిన రైతు వఱదకై కాచుకొని కూర్చుండడు. బీటను అప్పుడే పూడ్చును. పంటిచాళ్ల విషయమున అట్టి పనిని చేయు సాధనము వైద్యుల చేతిలో నున్నది. దాని పేరు సీలెంటు. 1955వ సంవత్సరమున అమెరికాలోని రాచెస్టరు నగరమున మైకేల్ బ్యూనోకోర్ అను దంతవైద్యశాస్త్రజ్ఞుడు, పన్ను పైపొరను ఫాస్ఫారికామ్లముతో కొంచెము గరుకు చేసినచో రెసిను దానిని గట్టిగ పట్టుకొనునని ప్రకటించెను. నేటి సీలెంటు ఆ మార్గమున పుట్టినదే. వైద్యుడు పంటిని శుభ్రపఱచి, ఆ యామ్లమును కొన్ని క్షణములుంచి, కడిగి, బాగుగ ఆఱబెట్టి, ద్రవరూపమున నున్న పూతను చాళ్లలోనికి పాఱించి, నీలికాంతితో గట్టిపఱచును. సూది లేదు; పన్ను తొలుచుట లేదు; నొప్పి లేదు. పంటికి కొద్ది నిమిషములు చాలును.

దీని ఫలితమును గూర్చి శంకింపవలసిన పని లేదు. దవడపండ్ల పుచ్చులలో రెండేండ్లవఱకు నూటికి 80 వంతులును, నాలుగేండ్లవఱకు నూటికి 50 వంతులును సీలెంటు నివారించునని అమెరికా ప్రభుత్వపు వ్యాధి నివారణ కేంద్రములు చెప్పుచున్నవి. 6 మొదలు 11 ఏండ్లవఱకు గల పిల్లలలో సీలెంటు లేనివారికి మొదటి దవడపండ్ల పుచ్చులు ఉన్నవారికంటె దాదాపు మూడురెట్లని 2016లో ఆ సంస్థయే వెల్లడించెను. ప్రపంచారోగ్యసంస్థ 2022లో ప్రకటించిన నివేదికను బట్టి పాలపండ్లు పుచ్చిన పిల్లలు లోకమున 51 కోట్లకు పైగా నున్నారు. ఇంతటి వ్యాధికి ఇంత సులభమైన అడ్డుకట్ట యుండగా దానిని ఉపయోగింపకుండుట వివేకము కాదు.

"మన తాతలు వేపపుల్లతో తోముకొని నూఱేండ్లు బ్రదుకలేదా?" యని కొందఱు ప్రశ్నింపవచ్చును. వేపపుల్లయందు మాకును గౌరవము కలదు. కాని తాతల నోటిలోనికి పూటపూటకు చాక్లెట్టును, సీసాలోని తీపినీళ్లును పోలేదు. తిండి మాఱినపుడు కాపుదలయు మాఱవలయును. పూతలోని రసాయనములు కీడు చేయునేమోయని మఱికొందఱు భయపడుదురు. కొన్ని రెసినులనుండి పూసిన క్రొత్తలో వెలువడు బిస్ఫినాల్ అను పదార్థము అత్యల్పమనియు, శీఘ్రముగ తగ్గిపోవుననియు పరిశోధకులు తేల్చియున్నారు.

ఇక ఈ సాధనపు లోపములనుగూడ దాచరాదు. పూయునపుడు పంటిపై ఉమ్మి తగిలినచో పూత నిలువదు. నిలిచినదియు కాలక్రమమున అరుగును. కావున ఏటేట చూపించుకొని, ఊడిన చోట మరల పూయించుకొనవలయును. పండ్ల నడిమి సందులను ఇది కాపాడజాలదు గావున తోముటయు, తీపి తగ్గించుటయు మానరాదు. ఫ్లోరైడు గల పేస్టును బఠాణిగింజంత మాత్రము పెట్టి, మ్రింగకుండ పెద్దలు దగ్గఱనుండి తోమింపవలయును.

ఫ్లోరైడు మాట వచ్చినపుడు మన ప్రాంతపు కష్టమును స్మరింపక తప్పదు. నాటి మద్రాసు రాజధానిలో ఫ్లోరైడు వ్యాధి యున్నదని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. నల్గొండ, ప్రకాశము జిల్లాల పల్లెలు ఆ నీటివలన పండ్లేకాక యెముకలును చెడి పడిన బాధ అందఱెఱిగినదే. కొన్ని పాశ్చాత్యదేశములు త్రాగునీటిలో ఫ్లోరైడు కలిపి దంతములను కాపాడుకొనుచున్నవి. మన మట్టి పల్లెలలో ఆ మార్గము త్రొక్కరాదు. రెసిను పూతయో, నీటిలో నేమియు కలుపదు. ఎముకలో నేమియు చేర్చదు. కావున ఇది మనకు మఱింత తగిన సాధనమని మా యభిప్రాయము.

ఇందు ప్రభుత్వముల బాధ్యత ప్రధానమైనది. పుట్టినది మొదలు 18 ఏండ్లవఱకు బిడ్డలను పరీక్షించు రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము 2013లో నారంభమైనది. అందు దంతవ్యాధులును చేరియున్నవి. కాని పరీక్షించి, చీటి వ్రాసియిచ్చి పోవుటతో బిడ్డ పన్ను నిలువదు. కూలికి పోవు తల్లి ఆ చీటి పట్టుకొని పట్టణపు ఆసుపత్రికి ఎన్నినాళ్లు తిరుగగలదు? బడియే చికిత్సాలయము కావలయును. ప్రభుత్వపాఠశాలలలో రెండవ తరగతి బిడ్డలకు మొదటి దవడపండ్లకును, ఏడవ తరగతి బిడ్డలకు రెండవ వానికిని సీలెంటు పూయవలయుననియు, మఱుసటియేడు మరల పరీక్షించి లెక్కలు ప్రకటింపవలయుననియు మేము కోరుచున్నాము. హైదరాబాదు, విజయవాడ, కడప నగరములలో ప్రభుత్వ దంతవైద్యకళాశాలలు కలవు. ప్రైవేటు కళాశాలలును అనేకము. అందలి విద్యార్థులను బోధకుల పర్యవేక్షణలో బడులకు పంపినచో వారికి విద్యయు, బిడ్డలకు రక్షణయు లభించును. పంటిని చక్కగ ఆఱబెట్టు వసతిలేని చోట గ్లాస్ అయానమరు సిమెంటును వాడవచ్చును. దానిని ప్రపంచారోగ్యసంస్థ 2021లో అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది.

ప్రభుత్వము మేల్కొనువఱకు మనము నిద్రింపవలసిన పని లేదు. జెండాపండుగనాడు బడిపిల్లలకు చాక్లెట్లు పంచు దాతలు మన గ్రామములలోను పట్టణములలోను కొదువ లేరు. వారి ఔదార్యము కొనియాడదగినదే. కాని ఆ దినమున బిడ్డనోట తీపి పెట్టిన చేయి, ఆ బిడ్డ పన్ను నిలుపుటకును సాయపడినచో అది యింకను గొప్ప దేశసేవ కాదా? మోతుబరి రైతులును, పట్టణపు వర్తకులును తమతమ యూరి బడిలో నొక్కొక్క తరగతిని దత్తు తీసికొని, సమీపపు దంతవైద్యుని రప్పించి ఈ పని చేయింపవలయునని మా ప్రార్థన.

అంతకుముందు చేయవలసిన పని యొకటి కలదు. దానికి కాసు ఖర్చు లేదు. ఈ సాయంకాలము మీ యింటిలోని ఆఱేండ్ల బిడ్డను వెలుతురున కూర్చుండబెట్టి నోరు తెఱపించి చూడుడు. పాలపండ్లకు వెనుక తెల్లగ తల యెత్తుచున్న పన్ను కనబడినచో, దానిని కాపాడుటకు తగిన కాలము వచ్చినదని తెలిసికొనుడు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్నందువలన ఫలమేమి?